ఒకటో నంబర్ కంట్రోలర్

సాయంత్రం లక్ష్మీకాంతం వస్తాడు. అమ్మకం అగ్రిమెంటు మీద సుకుమార్ సంతకం పెడతాడు. అంతే. తాడేపల్లిగూడెంలో హనుమంతరావు గారి ఇంట్లో సగం బయటివాళ్ళ పాలవుతుంది.

దాన్ని ఆపడానికి వీరేంద్ర దగ్గర ఉన్నది ఒక అట్టపెట్టె. అందులో రెండు వీడియో గేమ్ కంట్రోలర్లు. వైర్లు లేనివి.

"దీంతో తమ్ముణ్ణి ఆపుతారా?" రత్నమాల భర్తను ఎగాదిగా చూసింది. "వెళ్ళి వద్దురా అని ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"ఉగాదికి చెప్పానుగా. ముఖం తిప్పుకున్నాడు."

"మీరెలా చెప్పారో నేనూ విన్నాను లెండి. ఉల్లిపాయల లారీ దింపేవాళ్ళని కేకలేసినట్టు."

వీరేంద్ర అట్టపెట్టె మీదికి వంగాడు. కంట్రోలర్ల సిగ్నల్ అందుకునే రిసీవర్ ముక్కలు రెండూ తీసి, టీవీ ముందున్న పాత వీడియో గేమ్ పెట్టెకు గుచ్చుతున్నాడు. ఒకప్పుడు వైర్లు దూర్చిన రంధ్రాల్లోనే అవి చక్కగా కూర్చున్నాయి.

గొడవ అమ్మకంతో మొదలైంది కాదు, పంపకంతో. తండ్రి హనుమంతరావు గారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. అందరి ఇళ్ళలోనూ అదే పద్ధతి. వీరేంద్ర వాటాలు వేశాడు. వేసి, గాలీ వెలుతురూ ఉన్న తూర్పు సగాన్ని తమ్ముడి పేర తనే చెప్పేశాడు. మంచిదే ఇచ్చాననుకున్నాడు.

పెద్దమనుషుల ముందు సుకుమార్ ఒక్కటే మాట అన్నాడు. "కోరుకోవడం నా వంతు. అదీ నువ్వే తీసేసుకున్నావు."

ఆ వారమే హాలు మధ్య గోడ లేచింది. పెంకుటిల్లు కాబట్టి గోడ దూలం దగ్గరే ఆగింది, పైన మూరెడు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోంచి రెండు వంటిళ్ళ తాలింపులు కలిసేవి. తోడికోడళ్ళ కబుర్లు కలిసేవి. అన్నదమ్ముల మాటలే కలవలేదు.

ఈమధ్య అటక సర్దుతుంటే ఆట పెట్టె దొరికింది. నాన్న ఏలూరులో కొని తెచ్చింది. వైర్లను ఎలుకలు కొరికేశాయి. పెట్టెను చేతుల్లో పట్టుకోగానే వీరేంద్రకు తమ్ముడి మాట అప్పుడు అర్థమైంది. ఆట మొదలుపెట్టే బటన్ ఒకటో నంబర్ కంట్రోలర్‌కే పనిచేస్తుంది. అది ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది. సుకుమార్‌ది రెండోది. తను ఔటయితే తమ్ముడి వంతు. కానీ తను ఔటయ్యేలా ఉంటే చాలు, ఆటను మళ్ళీ మొదటికి తిప్పేసేవాడు.

పాత పెట్టెలకు కొత్త కంట్రోలర్లు దొరుకుతాయని ఫోన్లో వెతికి తెలుసుకుని, తెప్పించాడు. ఇప్పుడు వాటి మీద ఒకటి, రెండు అని చీటీలు అంటించి భార్య చేతికిచ్చాడు.

"రెండూ తీసుకెళ్ళు. ముందు వాణ్ణి కోరుకోమను. మిగిలింది నాకు పంపమను."

రత్నమాల పెరటి దారిన వెళ్ళింది. గోడ మీదుగా సుకుమార్ భార్య వాసవి గొంతు వినిపించింది. "ఏంటక్కా ఇవి, ఏసీ రిమోట్లా?"

తర్వాత సుకుమార్ గొంతు. "వద్దొదినా. పట్టుకెళ్ళిపోండి."

"ఆడమని కాదు నాయనా. నిన్ను కోరుకోమన్నారు. మిగిలింది ఆయనకట."



రత్నమాల ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. "వాళ్ళ వంటింటి గట్టు మీద పెట్టేసి వచ్చాను. ముట్టుకోలేదండీ."

వీరేంద్ర టీవీ ముందు కూర్చున్నాడు. తెర మీద ఆట పేరు వెలుగుతోంది, ఆరుతోంది. వీధిలో కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు.

"ఏవండీ, ఉన్నారాండీ?" లక్ష్మీకాంతం. కొల్లేరు పక్కన చేపల చెరువులున్న ఆసామి. "కాగితాలు తెచ్చానండీ."

"రండి, కూర్చోండి. పిలుస్తాను," అంది వాసవి.

అయిపోయింది అనుకున్నాడు వీరేంద్ర. టీవీ కట్టేయబోయాడు.

రిసీవర్ మీద దీపం వెలిగింది. తెర రంగు మారింది. ఎర్రచొక్కా కుర్రాడు అడవి అంచున నిలబడ్డాడు.

ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. నేరుగా వెళ్ళి గోతిలో పడ్డాడు.

తెర ఇవతల. కంట్రోలర్ అవతల. తమ్ముడు చూడకుండా ఆడుతున్నాడు.

కుర్రాడు మళ్ళీ లేచాడు. మళ్ళీ గోతి వైపే నడుస్తున్నాడు. వీరేంద్ర గొంతు ఆగలేదు.

"గొయ్యిరా! ఎగురు!"

కుర్రాడు ఎగిరాడు. అవతలి గట్టు మీద దిగాడు.

"ఆ... నడువు. ఆగు. ముందు మొసలుంది."

గోడ మీదుగా ఒక ప్రశ్న వచ్చింది. "నోరు తెరిచిందా, మూసిందా?"

వీరేంద్రకు మాట తడబడింది. "తెరిచింది... మూసింది! దూకు, దూకు!"

మొసలి కుర్రాణ్ణి మింగేసింది.

"ఎన్నాళ్ళకి చెప్పావన్నయ్యా!"

"నేను టయానికే చెప్పాను. నీ వేలు లావెక్కింది!"

"నా వేలా? ముందు నీ కళ్ళజోడు మార్పించు!"

రత్నమాల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవతల వాసవి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరితోనండీ ఆ కేకలు?" లక్ష్మీకాంతం అడుగుతున్నాడు.

అడుగుల చప్పుడు పెరటి దారిన వచ్చింది. గుమ్మంలో సుకుమార్. కుడిచేతిలో ఒకటో నంబర్. ఎడమచేతిలోది అన్న ఒళ్ళో పడేశాడు.

"మిగిలింది. జరుగు, తెర కనబడాలి."

వీరేంద్ర జరిగాడు.

కాగితాల సంచీతో లక్ష్మీకాంతం వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సుకుమార్ గారూ, మరి సంతకం..."

"ఏమీ అనుకోకండి లక్ష్మీకాంతం గారూ. ఇల్లు ఇవ్వటం లేదండీ. మిమ్మల్ని అంత దూరం నుంచి తిప్పాను. టీ తాగి వెళ్ళండి."

"వట్లూరు వెళ్ళిపోతున్నామన్నారు కదండీ?"

"వెళ్తామండీ. అమ్మాయి కాలేజీ అక్కడే కదా. ఇది మాత్రం ఉంటుంది. ఆదివారాలు వస్తాం." అన్న వైపు తిరిగాడు. "తాళం వదిన దగ్గర పెడతాను. నీకివ్వను. మళ్ళీ నువ్వే సర్దేస్తావు."

"సరే," అన్నాడు వీరేంద్ర.

లక్ష్మీకాంతం సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో విసుగుంది. రత్నమాల టీ తెచ్చేలోగా అది పోయింది. "అదుగోండి, మొసలి నోరు మూసిందండీ!" అని ముందుకు వంగాడు.

ఈసారి కుర్రాడు దాటాడు. ఇక ఒక్క లైఫే మిగిలింది. అయినా పడలేదు.

వీరేంద్ర చేతిలోని కంట్రోలర్ మీదా మొదలుపెట్టే బటన్ ఉంది. బొటనవేలు దాని మీదికి వెళ్ళింది. నొక్కినా ఏమీ జరగదు. వేలు తీసేశాడు. తన వంతు కోసం చూస్తూ కూర్చున్నాడు.

టీ చల్లారింది. తమ్ముడు ఎంతకీ ఔటవలేదు.