మెరిసే అతుకులు

మెక్సికోలోని తిహువానాలో, అమెరికా సరిహద్దు గోడకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో, సర్క్యూట్ బోర్డులకు టంకం వేసే ఆడవాళ్లందరికీ ఒబ్దూలియా మాటే వేదవాక్కు. ఆమె పద్ధతి ఒక్కటే. బోర్డును దీపం కింద వంచి చూడాలి. అతుకు తళుక్కుమంటే మంచిది, మసకగా ఉంటే అతకలేదన్నమాట. ఆ హాల్లో ఈ ముక్క ఆమె దగ్గర నేర్చుకోని మనిషి లేదు.

ఆ ఏడు సరుకు కొనేవాళ్లు టంకంలో సీసం వద్దన్నారు. లిఫ్టు తలుపులు నడిపే ఆ బోర్డుల్లో సీసం జాడ కనిపించినా మొత్తం తిప్పి పంపుతామన్నారు. సీసం లేని కొత్త టంకం తీగ వచ్చింది. దానికి వేడి ఎక్కువ కావాలి, పైగా చల్లారాక మసకగానే ఉంటుంది. ఇంజనీరు బౌతిస్తా అందరినీ నిలబెట్టి చెప్పాడు.

“మసకగా ఉన్నా అది గట్టిదే. పాతదీ కొత్తదీ కలిసిందా, ఆ అతుకు ఎప్పుడు ఊడుతుందో దేవుడికి కూడా తెలీదు. పాత తీగ ముట్టుకున్న మనిషి ఆ రోజే గేటు బయట ఉంటుంది.”

అందరూ తలూపారు. ఒబ్దూలియా కూడా ఊపింది. తలూపడానికి ఏం పోయింది?

మనసు మాత్రం ఒప్పుకోలేదు. బూడిద పూసినట్టున్న అతుకులు తన చేతి మీదుగా బయటికి పోతుంటే, ముఖం కడుక్కోకుండా పెళ్లికి వెళ్లినంత సిగ్గుగా ఉండేది ఆమెకు. అప్రాన్ జేబులో పాత తీగ చుట్ట ఒకటి మిగిలిపోయింది. మరీ వికారంగా కనిపించిన అతుకు మీద దానితో ఒక చుక్క పెట్టేది. అతుకు తళుక్కుమనేది, ఆమె ప్రాణం కుదుటపడేది. ఒక్క చుక్కకే కొంప మునుగుతుందా అనుకునేది. అలా రోజూ అనుకుంది.

సరుకు లారీకెక్కే రోజు బౌతిస్తా సీసాన్ని పసిగట్టే పరికరం పట్టుకుని ఏదో ఒక బోర్డు తీసి చూశాడు. పరికరం కూసింది. ఆ బోర్డు ఉన్న పెట్టె మూల బల్ల నుంచి వచ్చింది. ఆ బల్ల మీద కూర్చునేది ఇద్దరే, ఒబ్దూలియా, ఈస్టరు తర్వాత చేరిన జులేమా. హాలంతా జులేమా వైపు తిరిగింది.

“పాత తీగైతే ఇట్టే కరుగుతుంది కదా, పని రాని పిల్ల దాంతోనే లాగించేసుంటుంది,” అంది పక్క బల్లావిడ.

“గ్వాదలూపే మేరీమాత మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు!” జులేమా ఏడుపు గొంతుతో అంది.

ఒబ్దూలియా నోరు మెదపలేదు. మెదిపితే ఉద్యోగం పోతుంది. ఈ వయసులో ఇంకే ఫ్యాక్టరీ గేటూ తీయరు. పిల్లది ఇంకోచోట చేరగలదు, తను చేరలేదు. అలా లెక్క వేసుకుంది. ఆ లెక్కకి తనమీద తనకే రోత పుట్టింది, అయినా చేతిలో బోర్డు మీదే చూపు నిలిపింది.

“ఒబ్దూలియమ్మా, అన్నీ పరికరంతో చూస్తూ కూర్చుంటే లారీ వెళ్లిపోతుంది. మీ కన్ను వేరు. పాడైనవి మీరే ఏరిపెట్టండి,” అన్నాడు బౌతిస్తా.

ఆమె ఏరింది. ఒక్కో బోర్డూ దీపం కింద వంచి, తళుక్కుమన్నవాటిని పక్కన పెట్టింది. బౌతిస్తా మచ్చుకు కొన్ని చూస్తే, ఆమె ఏరినవాటికి పరికరం కూసింది, వదిలినవాటికి కూయలేదు. అవన్నీ చెత్తలోకి పోయేవే. అయినా ఒక్కోదాన్ని పెడుతుంటే ఆమెకు ముద్దొచ్చింది.

బౌతిస్తా ఒకటి తీసి కళ్లద్దాల్లోంచి చూసి పెదవి విరిచాడు. “ఈ జులేమా ఎంత చెత్తగా పూసిందో చూడండి.”

ఇందాకటి నుంచి బిగబట్టిన నోరు ఆ మాటకి ఆగలేదు.

“చెత్తేంటి ఇంజనీరు బాబూ? కళ్లద్దాలు తుడుచుకుని చూడు! అంచు చెదిరిందా? చుక్క ఎక్కువైందా? ఈ పిల్లకి ఇంకా టంకం ఐరన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. దీని ఏడు తరాల్లో ఎవరైనా ఇలాంటి అతుకు వేశారా?”

“మరి ఎవరేశారు?”

హాల్లో చేతులన్నీ ఆగిపోయాయి. ఏమన్నదో ఒబ్దూలియాకు అప్పుడు తెలిసింది. బౌతిస్తా చేతిలో బోర్డును ఒకసారి చూసింది. అది బాగుంది.

“ఇలా వేసేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు నాయనా?” అంటూ అప్రాన్ ముడి విప్పింది.

గేటు దాకా జులేమా పరిగెత్తుకొచ్చింది. “అక్కా, నాకోసం నువ్వు...”

“నీకోసం అని ఎవరన్నారే? నా పని నీ పేరున పోతుంటే కడుపు మండింది, అంతే. పో, పని చూసుకో.”

ఆ మాట నిజమే. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం, ముఖం దాచుకోవడానికి చీరకొంగు లేని ఆ ఊళ్లో, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది.