సుత్తి వీరుడి భుజం

...అయినా కత్తిపోటు తిన్న మనిషి ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోతే తెల్లారేసరికి గాయం మానిపోతుందని రూలు రాసినవాడెవడో, వాడికి జన్మలో వేలు కూడా తెగి ఉండదు, అనుకున్నాడు బోర్డుల పెయింటరు. అలా అనుకోవడం అతనికి కొత్త కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళ వంటగదిలో ఈ బల్ల ముందు కూర్చోగానే, పిలవకుండానే వచ్చే చుట్టంలాగా ఆ ఆలోచన వచ్చి పక్కన చేరుతుంది.

బల్ల మీద గళ్ళ కాగితం, మనుషులకు బదులు సీసా మూతలు, బిస్కెట్ల పళ్ళెం, ఇరవై ముఖాల పాచిక. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఏ పని తలపెట్టినా పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరుగుతుంది, చిన్నది పడితే బెడిసికొడుతుంది. ఒక్కొక్కరికీ ఇన్నేసి ప్రాణాలని ఉంటాయి. దెబ్బ తగిలితే తగ్గుతాయి, పడుకుని లేస్తే నిండుతాయి.

కథ నడిపేది అక్క. ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు నర్సు. రొట్టెల బట్టీలో పనిచేసే బావ ఆటలో దొంగ. కాలేజీలో చదివే మేనకోడలు గాయాలు మాన్పే మంత్రగత్తె. పెయింటరు సుత్తి వీరుడు. ఆ పేరు పెట్టుకున్న రోజే బావ అడిగాడు, "సుత్తి పట్టుకునేవాడా, కొట్టేవాడా బామ్మర్దీ?" అని.

కిందటి వానాకాలంలో ఒక బట్టల దుకాణానికి బోర్డు రాస్తూ పెయింటరు నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి భుజం విరిగింది. చెయ్యి మెడకు వేలాడేసుకుని ఆటకు వచ్చిన మొదటి ఆదివారమే, కథలో సుత్తి వీరుడికి కూడా ఒక రాక్షసుడి చేతిలో భుజం విరిగింది. మంత్రగత్తె మంత్రం వేయబోతే పెయింటరు అడ్డుపడ్డాడు.

"విరిగిన ఎముక మంత్రానికి అతుక్కుంటుందా? పడుకుని లేస్తే గెంతుతాడా? ఇదేం ఆట అక్కా?"

"గెంతుతాడు," అంది అక్క. "ఈ బల్ల మీద గెంతుతాడు. గెంతలేని వాళ్ళని వారమంతా చూస్తూనే ఉంటాను, ఆదివారం కూడా నాకు వాళ్ళేనా?"

అతను వినలేదు. అక్క కాసేపు తమ్ముడి ముఖంలోకి చూసి, "సరే. నీ ఒక్కడికి వేరే రూలు. మంత్రం పనిచెయ్యదు, నిద్ర పనిచెయ్యదు. నీ వీరుడి భుజం మానిందని నువ్వెప్పుడంటే అప్పుడు మానుతుంది," అంది.

ఆ రూలు పెట్టడం పొరపాటని అక్కకే తర్వాత అనిపించింది కాబోలు. ఎందుకంటే అతను ఆ మాట అనలేదు. వాన వెళ్ళింది, చలి వెళ్ళింది, ఎండలు కూడా వచ్చాయి. వీరుడి సుత్తిని దొంగ మోస్తూనే ఉన్నాడు.

"నీ సుత్తి మోసి మోసి నా నడుం పడిపోయింది," అన్నాడు బావ ఈరోజు కూడా. "సుత్తి భుజానేసుకుని చప్పుడు కాకుండా దొంగతనానికి వెళ్ళేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే."

"మానాక తీసుకుంటాలే బావా."

అన్నాడు పెయింటరు. నిజానికి నొప్పి ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. దాని కోసం కాచుకుని కూర్చున్నన్నాళ్ళూ ఉంది. ఏదో ఒక పొద్దున చూసుకుంటే లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎముక అతుక్కుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. కుడి చెయ్యి అన్నం తింటోంది, బొత్తాలు పెట్టుకుంటోంది, కూర్చుని చిన్న చిన్న నేంప్లేట్లు రాస్తోంది. భుజం దాటి పైకి లేపబోతే మాత్రం కడుపులో నిచ్చెన జారుతుంది. చెయ్యి దానంతట అదే దిగిపోతుంది. "ఇంకా పట్టేసినట్టుంది," అంటాడు. అనగా అనగా ఆ మాట చెప్పులా కాలికి సరిపోయింది.

ఈరోజుతో ఆ మాటకు గడువు తీరుతుంది. కలిసి పనిచేసే జోడీదారు పొద్దున్నే ఫోన్ చేశాడు. మార్కెట్ వెనక పొడవాటి గోడ, రేపు మొదలు. "సాయంత్రంలోగా వస్తావో రావో తేల్చెయ్. రానంటే ఇంకొకణ్ణి చూసుకుంటా. ఇకమీదట కూడా వాడితోనే చేసుకుంటా, ఏమనుకోకు," అన్నాడు. పని పోతుందన్నా అతను ఏమీ అనుకోలేదు. అందుకే భయంగా ఉంది.

బల్ల మీద వేలాడే బల్బు టపటపమని కొట్టుకుని ఆరిపోయింది. బయట మబ్బు పట్టడంతో గది చీకటయింది. బావ అలవాటుగా గొడుగు తీసుకుని దాని కొసతో బల్బును తట్టాడు. వెలిగింది. ఒక చేత్తో హోల్డరు పట్టుకుని ఇంకో చేత్తో బల్బు బిగిస్తే అయిపోయే పని. పొడుగ్గా ఉండే పెయింటరుకైతే నిలబడే అందుతుంది. స్టూలెక్కి బిగిస్తానని బావ ఎన్నిసార్లన్నా అక్క ఒప్పుకోలేదు. "వాడి పని అది. వాడే చేస్తాడు," అంటుంది.

"కోట వాకిలి," అని అక్క కథ అందుకుంది. "మంత్రగత్తె గడప దాటుతోంది. పైనుంచి ఇనుప తలుపు జారుతోంది. వెయ్యి పాచిక."

మేనకోడలు వేసింది. రెండు పడింది.

"తలుపు నీ మీద పడింది. ప్రాణాలు సున్నా. రెండు వంతులు గడిచేలోగా బయటికి లాగకపోతే అంతే సంగతులు."

మేనకోడలు నిట్టూర్చి, బల్ల కిందికి దూరి నేల మీద వెల్లకిలా పడుకుంది. "మావయ్యా, నేను పోయాక నా బిస్కెట్లు నాన్నకివ్వద్దు."

"చచ్చేటప్పుడు కూడా తిండి ధ్యాసే," అన్నాడు బావ. దొంగ తలుపు ఎత్తబోయాడు. పాచిక మీద నాలుగు పడింది. తలుపు కదల్లేదు.

"ఇంకొక్క వంతే మిగిలింది," అంది అక్క.

"నేను ఎత్తుతా," అన్నాడు పెయింటరు.

"భుజం?"

ఒక్క మాటే అడిగింది. కళ్ళు మాత్రం గళ్ళ కాగితం మీదే ఉన్నాయి.

"ఎడమ చేత్తో."

"ఎలాగో చూపించు."

ఆ ఇంటి ఆటలో అదొక పద్ధతి. కష్టమైన పని చేస్తానన్నవాడు లేచి నిలబడి ఎలా చేస్తాడో చేసి చూపించాలి. అతను లేచాడు. మోకాళ్ళు వంచి, లేని తలుపు కింద ఎడమ అరచెయ్యి పెట్టాడు.

"ఒక పక్కే లేచింది," అంది అక్క. "వంకరగా ఇరుక్కుంది. రెండో పక్క ఆమె కాలు నలిగిపోతోంది."

"అబ్బా," అంది బల్ల కింద శవం, చాలా సహజంగా.

అతను నవ్వబోయాడు, నవ్వలేదు. కళ్ళ ముందు తలుపే ఉంది, తుప్పు పట్టి, చల్లగా, మొండిగా. దాని కింద నుంచి ఒక చిన్న కాలి మడమ కనిపిస్తోంది. చిన్నప్పుడు అతని మెడ మీదెక్కి బోర్డుల అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిల్ల మడమ. రెండో చెయ్యి కూడా పెట్టాడు. మోకాళ్ళ మీంచి, నడుం మీంచి బలం తెచ్చుకుని తోశాడు. "లేస్తోంది. ఛాతీ దాకా వచ్చింది. పాకు, అమ్మడూ. తల దాటింది. ఇంకా పైకి తోస్తున్నా. పాకు త్వరగా."

మేనకోడలు గబగబా పాకి అవతలి పక్కన తేలింది.

అందరి చూపూ పైకి లేచింది. బావ నోట్లో బిస్కెట్టు నమలడం ఆగిపోయింది. పెయింటరు అర్థం కాక, వాళ్ళు చూస్తున్న వైపు తనూ చూశాడు. తన కుడి చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది. పక్కింటివాళ్ళ చెయ్యేదో వచ్చి తన భుజానికి తగులుకున్నట్టుంది.

"మానిందా?" అంది అక్క.

చేతులు మెల్లగా దించాడు. "నొప్పి లేదక్కా. ఎప్పట్నుంచో లేదు. భయమేస్తోంది, అంతే."

"నాకు తెలుసు," అంది అక్క. "ఈ ఆటలో భయానికి ప్రాణాలు తగ్గవు. భయపడుతూనే వెయ్యి పాచిక."

పాచిక కుడి చేత్తో వేశాడు. అది బిస్కెట్ల పళ్ళేన్ని గుద్దుకుని, గిర్రున తిరిగి, పదకొండు దగ్గర ఆగింది.

"పది చాలు," అంది అక్క.

మేనకోడలు వచ్చి అతని నడుం చుట్టూ చేతులేసింది. "మావయ్య ఎత్తేశాడు. నాన్న ఎత్తలేదు."

"ఎత్తలేక కాదే. వాడి సుత్తి నా భుజాన ఉంది కదా," అన్నాడు బావ. బల్ల మీది సీసా మూతల్లోంచి సుత్తి బదులు పెట్టిన అగ్గిపుల్లను తీసి, రెండు చేతులా పట్టుకుని, బరువుకు వంగిపోతున్నట్టు మూలుగుతూ తెచ్చి బామ్మర్ది ముందు పెట్టాడు. "తీసుకో నాయనా. నా దొంగ ఈ రాత్రి నిటారుగా పడుకుంటాడు."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ పెయింటరే నవ్వాడు. కడుపులో జారే నిచ్చెన ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కానీ ఇప్పుడు దాని అడుగున ఎవరో కాళ్ళు తన్ని పట్టుకున్నట్టుంది. జోడీదారుకు ఫోన్ చెయ్యాలి. కొత్త కుంచెలు కావాలి, పాతవి ఈపాటికి చీపుళ్ళయి ఉంటాయి.

బల్బు టపటపలాడి ఆరిపోయింది. బావ గొడుగు కోసం చెయ్యి చాచాడు.

"ఆగు బావా," అన్నాడు పెయింటరు. ఎడమ చేత్తో హోల్డరు పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి, బల్బును బిగించాడు.