‘కార్’ దగ్గర దిగిన సూది

నాకు నోరు తిరగని పదం ఒకటుంది: క్రాంకెన్‌ఫెర్‌జిహెరుంగ్స్‌కార్టె. ఆరోగ్య బీమా కార్డు అని అర్థం. జర్మన్ వాళ్లు మూడు మాటల్ని అతికించేసి, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి సందు కూడా ఉంచలేదు. వాళ్ల బీమా కంపెనీ ఫోన్ల సెక్షన్‌లో ఉద్యోగం నిలవాలంటే ఇది సరిగ్గా పలకాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే ఇంటికే.

“అన్నీ ఒకే బరువుతో దొర్లించేస్తున్నావమ్మా. మొదట ‘క్రాం’ మీద గట్టిగా నొక్కు. చివర ‘కార్’ మీద కాస్త. మధ్యవి తేలిగ్గా పోవాలి,” అనేది ట్రైనర్.

మా అక్క టైలరు. జర్మన్ ఒక్క ముక్క రాదు, అయినా నాకు గురువు తనే. నేను పదాన్ని ముక్కలు చేసి చదువుతుంటే, నొక్కాల్సిన చోట కుట్టుమిషను పెడల్ తొక్కేది. క్రాం అంటే దడదడ. కార్ అంటే దడ. ఆ చప్పుడు మీదే నా నాలుక నడిచేది.

ఈ పొద్దున అక్క గుడ్డ వైపు కాకుండా నా నోటి వైపు చూసింది. ‘కార్’ అన్నాను. సూది తన చూపుడువేలి గోట్లోంచి దిగిపోయింది.

“ఏం కాలేదు, నువ్వు పోవే, టైమవుతోంది,” అంటూ పేలిక చుట్టుకుంది. ఆ పేలిక ఎర్రబడుతుండగానే బయల్దేరాను.

పరీక్ష గదిలో ట్రైనర్ ఆ పదమున్న కాగితం నా ముందు పెట్టింది. ‘క్రాం’ బాగానే పడింది. కెన్, ఫెర్, జి, హె, రుంగ్స్... అక్కడ నోరు పడిపోయింది. బల్ల కింద నా కాలు పెడల్ కోసం వెతుకుతోంది. ఆ ముక్క పలికితే ఎక్కడో మళ్లీ సూది దిగుతుందని భయం. పిచ్చి భయమని తెలుసు. తెలిసినా చెమటలు ఆగలేదు.

“కాళ్లు కదపకు. పూర్తి చెయ్యి,” అంది ట్రైనర్.

ఇక్కడ ఆగిపోతే అక్క వేలికి ఊరికే గాయమైనట్టే కదా. కళ్లు మూసుకుని “కార్‌టె!” అని అరిచినంత పని చేశాను.

ట్రైనర్ ఉలిక్కిపడి, నవ్వింది. “సోమవారం నుంచి ఫోన్లు తీసుకో.”

ఇంటికొచ్చి అక్కకి ఆ మాట చెబుతూనే ఏడ్చేశాను. తన వేలు బొంగరంలా వాచి ఉంది.

“ఏడవకే, ఇంకా తొమ్మిది వేళ్లున్నాయి,” అంటూ అక్క మిషను ముందు కూర్చుంది. “తర్వాతి పదం చెప్పు.”

“నువ్వు గుడ్డ వైపు చూస్తేనే చెప్తా.”