ఎడమచేతి గిటారు బేరం

జగదల్‌పూర్ గోల్ బజారులో మాది మా తాత పెట్టిన గిన్నెల కొట్టు. బేరమాడటానికి మా వంశంలో ఒక పద్ధతుంది. అమ్మేవాడితో హిందీలో సరుకుకి వంకలు పెట్టాలి, మనలో మనం తెలుగులో నిజం మాట్లాడుకోవాలి. మొహం మాత్రం రెండు భాషల్లోనూ ఒకేలా చిట్లించుకుని ఉండాలి. మొహం వెలిగిందో, ధర దిగదు. ఈ విద్య మా నాన్న నాకు అక్షరాభ్యాసం కంటే ముందే నేర్పాడు.

ఆ ఆదివారం కిరందుల్ నుంచి మా బావ ఈశ్వరరావు వచ్చాడు. మా చెల్లెలి మొగుడు, గని వర్క్‌షాపులో డంపర్లు బాగుచేసే మనిషి. వెంట వాళ్ళమ్మ వరహాలమ్మ, కూతురు భానుశ్రీ. పన్నెండో తరగతి గట్టెక్కితే ఎలక్ట్రిక్ గిటారు కొంటానని పిల్లకి మాటిచ్చాడట. బేరం నేనాడాలట. ఆదివారం సంతరోజు, నా గిరాకీ అంతా ఆ పూటే. మేనకోడలు అడిగితే కాదనే నోరు నాకు లేదు గానీ విసుక్కునే నోరు ఉంది కాబట్టి దారంతా దాన్నే వాడాను.

భానుశ్రీది ఎడమచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తింటుంది, అది వరహాలమ్మగారి కాపలా పుణ్యం. కత్తెర దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ కుర్చీకుండే రాతపలక దాకా అన్నీ కుడిచేతివాళ్ళకి చేసినవే కాబట్టి పుట్టిన దగ్గర్నుంచీ సర్దుకుపోతూనే ఉంది. గిటారు కూడా స్నేహితురాలిది తలకిందులుగా పట్టుకునే నేర్చుకుంది. ఆటోలో నా చెవి దగ్గరకొచ్చి, "ఈ ఒక్కదానికీ సర్దుకోలేను మావయ్యా" అంది. నా విసుగు సగం అక్కడే దిగిపోయింది.

దుకాణంలో నల్ల టీషర్టు, పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె ఉంది. హిందీ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది. రాయ్‌పూర్ పిల్ల అని చూడగానే లెక్కేసుకున్నాను. గోడనిండా గిటార్లు. చివర ఒకటి మిగతావాటికి ఎదురుముఖంగా వేలాడుతోంది, నీలం రంగుది. అది ఎడమచేతివాళ్ళదనీ, ఎవరో తెప్పించమని చెప్పి మళ్ళీ రాలేదనీ ఆ అమ్మాయి చెప్పింది. భాను దాని ముందు నిలబడిపోయింది. మొహం చూస్తే బేరం అక్కడే ముగిసిపోయేలా ఉంది.

నేను వెంటనే రంగంలోకి దిగాను. ఇది తిరగబడ్డ సరుకనీ, ఊళ్ళో దీన్ని కొనేవాడే పుట్టలేదనీ హిందీలో ఆ అమ్మాయికి చెప్పి, అదే చిట్లించిన మొహంతో భానువైపు తెలుగులోకి తిరిగాను.

"అమ్మాయ్, దాని దిక్కు చూడకు. మనకు ఇదే కావాలె. ఎంతన్నా ఇదే కొంటం. ఆమెకు మాత్రం తెల్వనియ్యొద్దు."

బావకి నటన చేతకాదు. గిటారు బిగింపులన్నీ తడిమి చూసి, గట్టి సరుకు అని తెలుగులో మురిసిపోయాడు. మొహం దించమని తెలుగులోనే కసిరాను. దించమంటే మరీ చావింటికొచ్చినవాడిలా దించాడు. నేను సగం ధర చెప్పాను. ఆ అమ్మాయి బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, ఇప్పటికే తగ్గించిన ధర అని మర్యాదగా హిందీలో చెప్పింది.

అంతలో డ్రమ్ముల ముందున్న స్టూలు మీద కూర్చున్న వరహాలమ్మగారికి సంగతి అర్థమైంది. "ఎడంసేత్తో వాయించేదేటి? శుభమా అని కొంటా ఎడంసెయ్యేటి? మామూలుది కొనండి. కుడిసేత్తో నేర్సుకుంటాది."

తల్లి మాట జవదాటడం బావకి తెలియదు. గోడ మీంచి మామూలు గిటారు ఒకటి దించి పిల్లకిచ్చాడు. భాను అందుకుంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి. అమ్మేవాళ్ళని లొంగదీసే ఎత్తులు నా దగ్గర బోలెడున్నాయి, చెల్లెలి అత్తగారిని లొంగదీసేది ఒక్కటీ లేదు.

దుకాణం అమ్మాయి ఏమనుకుందో ఏమో, నీలం గిటారు దించి, స్పీకరు తీగ తగిలించి, ఊరికే ఒక్కసారి వాయించి చూడమని భాను మెడలో వేసింది. భాను మామూలుది నాన్న చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆ మోతకి నా పళ్ళు జిల్లుమన్నాయి. నాకు సంగీతం తెలియదు గానీ, పిల్ల భుజాలు మొదటిసారి దిగి కుదురుగా నిలబడటం తెలిసింది.

వరహాలమ్మగారు స్టూలు దిగి దగ్గరకొచ్చి చేతులకేసి చూడసాగారు. గిటారు మెడ మీది ఆ మెట్ల మీద పాట నొక్కుతున్నది ఏ చెయ్యి అని అడిగారు. కుడిచెయ్యే అని భాను చెప్పింది. మరి ఎడమచెయ్యి? ఊరికే తీగల మీద ఆడుతుంది. మరి మీ నాన్న చేతిలో ఉన్నదో? దానికి ఎడమచేత్తో నొక్కాలి మామ్మా.

పెద్దావిడ ముక్కున వేలేసుకున్నారు. గోడకున్న గిటార్లన్నిటినీ ఎంగిలి విస్తళ్ళని చూసినట్టు చూశారు.

"అయితే లోకమంతా ఎడంసేత్తోనే పాట నొక్కతన్నారా? సీ! ఈ కొట్లో లచ్చనవైంది ఇదొక్కటే. ఎంతయినా ఇచ్చీ, ఈశ్వర్రావూ."

వీణకైనా మెట్ల మీద నొక్కేది ఎడమచెయ్యే అని నాకు గుర్తొచ్చింది. చెప్పలేదు. సరస్వతీదేవిని ఈ గొడవలోకి లాగడం నాకిష్టం లేకపోయింది.

బావ జేబులో చెయ్యిపెట్టేశాడు. ఇంకా ఆశ చావక నేను ఆ అమ్మాయివైపు తిరిగి, అమ్మగారికి ఇది బొత్తిగా నచ్చలేదనీ, ధర దించితే నచ్చచెప్పి చూస్తాననీ హిందీలో అన్నాను.

"పెద్దమ్మ అట్ల అనలే కదా సేటూ" అంది ఆ అమ్మాయి తెలుగులో.

ఆమె తాపీగా గిటారు సంచీ తీస్తూ చెప్పింది. "నా పేరు గంగే. మాది కిష్టారం దిక్కు, తెలంగాణ పక్కనే. మీరు హిందీల బాగలేదన్నరు, తెలుగుల బాగుందన్నరు. నేను తెలుగు మాటే నమ్మిన."

బావ ధర మొత్తం చెల్లించాడు. భాను సంచీని గుండెలకి హత్తుకుని, నా అవస్థ చూసి పడీపడీ నవ్వింది. అంత నవ్వు దాని దగ్గర ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. బేరం పోయిన బాధ కూడా ఆ నవ్వులో కొంత కొట్టుకుపోయింది.

కొట్టుకి తిరిగొచ్చేసరికి ఆంధ్రా సరిహద్దు కోంటా బస్సు దిగిన ఒకావిడ గిన్నెలు చూస్తోంది. పెద్ద గిన్నె ఒకటి ఎత్తి, చాలాసేపు తిప్పి చూసి దించింది. మా ఆవిడ కిరణ్మయి అలవాటు కొద్దీ తెలుగులో, ఇది కొనే మొహం కాదని నాతో అంది. నేను కంగారుగా కిరణ్మయి కాలు తొక్కి, గిరాకీ మనిషికి దండం పెట్టినంత వినయంగా తెలుగులోనే చెప్పాను.

"అమ్మా, అది తీసుకోకు. దాని అడుగు పలచన."

ఆవిడ నవ్వనైనా నవ్వలేదు.

"ఎరుకనే సేటూ. పోయిన సంతల మీ ఇంటామెకు చెప్పినవు గదా."