అంచుదాకా పోసిన టీ

కబురు వచ్చేసరికి నా చేతులు పిండిలో ఉన్నాయి. బోర్సోక్‌లు వేయించడానికి పిండిని ముక్కలు కోస్తున్నాను. జేబులో ఫోను వణికింది. మణికట్లతో పైకి లాగి, ముక్కుతో నొక్కి చదివాను. కాలేజీలో చదువు సాయం గదికి నన్ను తీసుకున్నారట. రేపు సాయంత్రం అయిదింటికి రావాలి, రాకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తారు. నవ్వు ఆగక పచ్చి పిండిముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. పెళ్లయినప్పటినుంచీ నాకు ప్రతిదానికీ నవ్వే. పొద్దున్నే మా ఆయన తిలెక్ నా బూట్లు పొయ్యి పక్కన పెట్టి వెచ్చబెడతాడు, వాళ్లమ్మ లేచేలోపు మళ్లీ గుమ్మం దగ్గర సర్దేస్తాడు. ఆ వెచ్చదనం మంచులో కూడా కాలేజీ దాకా నాతో వస్తుంది.

నవ్వు పూర్తికాకుండానే ఆ వేళ మళ్లీ చదివాను. అయిదంటే మా ఇంట్లో టీ వేళ. పోయాల్సింది కెలిన్, అంటే కోడలు.

మొదటి ఏడాది నేను కెమిస్ట్రీ తప్పాను. సిగ్గుతో చదువు మానేద్దామనుకుంటుంటే ఆ గదిలో నాజిరా అని పై క్లాసు అక్క ఒకామె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. జవాబు చెప్పలేదు. "ఎక్కడ ఆగావు?" అని అడిగింది. ఎందుకు తప్పావని అడిగినవాళ్లే అందరూ, ఎక్కడ ఆగావని అడిగింది ఆమె ఒక్కతే. ఒకసారి తప్పి గట్టెక్కినవాళ్లనే ఆ గదిలో ఇంకొకరికి తోడుగా కూర్చోబెడతారు. నాకు అప్పగించిన అమ్మాయి ఈ చలికాలమే తలకి తెల్లరుమాలు కట్టించుకున్న కొత్త కోడలు. వెనక బెంచీలో కూర్చుంటుందట, ఏమీ అడగదట. ఈసారి పరీక్ష పోతే కాలేజీలోంచి పేరు తీసేస్తారు.

మా అత్తగారు చెడ్డావిడ కాదు. నా భయమంతా అక్కడే. తిట్టే మనిషికైతే ఎదురు చెప్పచ్చు. "చదువుకో, ఎవరొద్దన్నారు? నా కోడలు ఒక్క పరీక్షా తప్పలేదని వీధంతా చెప్పుకుంటున్నాను" అంటుంది, అంటూనే బకెట్ చేతికిస్తుంది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నేను బకెట్ తీసుకుని గబగబా బయటికి పోతాను.

వంటింట్లోకి వచ్చిన తిలెక్ చెవిలో చెప్పాను. నన్నెత్తి గిర్రున తిప్పాడు, చొక్కానిండా పిండి. కిందకి దించాక మాత్రం గొంతు తగ్గించాడు.

"అమ్మకి ఇప్పుడే వద్దులే. చలికాలం పోనీ."

"చలికాలం పోయేసరికి ఆ అమ్మాయి ఉండదు. పోనీ నువ్వు చెప్పవా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఎంత ముద్దొస్తాయో ఆ చెవులు, నాకు ఎంత పనికిరావో.

ఆ సాయంత్రం తిలెక్ మేనత్త టీకి వచ్చింది. నా చోటు గుమ్మం వైపు, టీ నీళ్లు మరిగే కుళాయి పాత్ర, సమోవార్ పక్కన. టీ తాగే చిన్న గిన్నె, పియాలాలో సగమే పోయాలి. సగం పోస్తే, ఇంకా కూర్చోండి, మళ్లీ పోస్తాను అని. అంచుదాకా నింపితే, తాగేసి ఇక బయల్దేరండి అని. ఇది మాకు నడక వచ్చేలోపే వస్తుంది. నేనేమో లోపల మాటలు కూర్చుకుంటున్నాను, అపాకి, అంటే అత్తగారికి, ఎలా మొదలుపెట్టాలా అని. చూసుకునేసరికి మేనత్త పియాలా నిండిపోయింది.

"నన్ను సాగనంపుతోంది వదినా నీ కోడలు. ఒక బోర్సోక్ అయినా తిననిస్తుందో లేదో" అందామె. తిలెక్ కూడా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "పుస్తకాల చెయ్యి కదా, సగమంటే ఎంతో తెలీదు పాపం" అని పియాలా మార్పించింది.

అందరికీ వేడివేడిగా సగాలు పోసుకుంటూ వచ్చేసరికి నా పియాలా ఎప్పుడూ చల్లారిపోయి ఉంటుంది. దాన్ని చూస్తే, ముఖం కూడా చూడని ఆ వెనక బెంచీ అమ్మాయి గుర్తొచ్చింది. ఈపాటికి తనూ ఏదో గుమ్మం పక్కన కూర్చుని పోస్తూ ఉంటుంది. ఎక్కడ ఆగావు, బెగిమాయ్, అని నన్ను నేనే అడిగాను. ఇక్కడే. ఈ కుళాయి దగ్గరే.

నా పియాలాలో చల్లారిన టీ పారబోసి, కుళాయి తిప్పాను. సగం దాటింది. ఆపలేదు. అత్తగారి చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది.

"అదెవరికి, కెలిన్?"

"నాకే, అపా."

రెండు చేతులతో పట్టుకుని తాగాను. నాలుక కాలింది. అయినా గొంతు వచ్చింది, సన్నగా.

"మొదటి ఏడాది నేను ఒక పరీక్ష తప్పాను, అపా. వీధిలో అది కూడా చెప్పండి. నన్ను నిలబెట్టిన గదిలో ఇంకో కోడలి పక్కన కూర్చోవడానికి రేపు వెళ్తున్నాను. బోర్సోక్‌లు చేసి, సమోవార్ వెలిగించి వెళ్తాను." తిలెక్ వైపు చూడకుండానే అతని చెవులు నాకు కనబడుతున్నాయి. "రేపు టీ తిలెక్ పోస్తాడు."