వెనక చాళ్ళ కంది

పెళ్ళయి నలభై ఒక్క రోజులు. రాకీ ఇంకా రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. సంగారెడ్డిలో కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇంట్లో, ఒకే అద్దం ముందు ఇద్దరూ తోసుకుంటూ తల దువ్వుకోవడం కూడా అతనికి పండగే. ఆ పొద్దున పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, భార్య ఎవాంజెలిన్‌ని బండి మీద ఎక్కించుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారి పట్టాడు. ఇద్దరి మధ్యా చుట్టిన ఫ్లెక్సీ. దాని కొన వీపులో గుచ్చుకుంటోంది. అదీ బాగానే ఉంది.

ఎవాంజెలిన్‌ది లక్డారం. తల్లి లీలమ్మతో చేలో కలుపు తీస్తూనే డిగ్రీ చదివింది. ఇప్పుడు ఒక విత్తనాల కంపెనీలో ప్రచారం పని. నాలుగేళ్ళు ఆఫీసులో కూర్చుని కరపత్రాలు రాశాక, కొత్త కంది రకాన్ని రైతులకు చేలోనే చూపించే పని తొలిసారి ఆమెకిచ్చారు. బాగా జరిగితే జిల్లా మొత్తం ఆమె చేతికి. లేదంటే మళ్ళీ కరపత్రాలే.

"భయమైతుందా?" అన్నాడు రాకీ.

"నువ్వు బండి సక్కగ నడుపు. గుంతలన్నీ నా నడుముకే తగుల్తున్నయ్."

కంపెనీ కొత్త కంది వేసిన చేను దగ్గర షామియానా వేశారు. నలభై మంది రైతులు వచ్చారు. హైదరాబాద్ నుంచి మేనేజరు దుర్గాదేవి కూడా వచ్చి కూర్చుంది. ఫ్లెక్సీ కట్టారు: "వానకే ఎకరానికి తొమ్మిది క్వింటాళ్ళు!"

పక్క చేన్లో పాత రకం కంది వేసిన రైతు మల్లన్న దాన్ని చదివి, నేల వైపు చూశాడు.

"ఏంది బిడ్డా, నా చేన్ల నెర్రెలల్ల కాలు ఇరుక్కుంటది. గట్టు ఇవతల మీ చేన్ల ఒక్క నెర్రె లేదు. వాన మీకొక్కళ్ళకే పడ్డదా?"

అందరూ గొల్లున నవ్వారు. ఎవాంజెలిన్ వంగి, చిటికెడు మట్టి తీసి నలిపింది. ఇంకా చెమ్మగా ఉంది. చేను చూసుకునే సమద్‌ని పక్కకు పిలిచింది.

"సమద్ భాయ్, నీళ్ళు కట్టినవా?"

"మీ మొదటి ప్రోగ్రాం గదా మేడం," అతను తల వంచుకున్నాడు. "కంది జెర నిండుగ కనిపియ్యాలెనని పక్క బోరు అడిగి రెండు తడులు కట్టిన."

"ఏదో ఒకటి చెప్పి భోజనాలకు లేపెయ్యి," దుర్గాదేవి వచ్చి ఎవాంజెలిన్ చెవిలో గుసగుసలాడింది.

ఎవాంజెలిన్ మైకు అందుకుంది. "మల్లన్న కాకా చెప్పింది నిజం. వానకే అని రాసినం గని రెండు తడులు కట్టినం. తప్పు మాదే." సమద్ పేరు ఎత్తలేదు. ఫ్లెక్సీకి ఒక కొన తనే విప్పింది. రాకీ పరుగెత్తి రెండో కొన విప్పాడు.

"ఇగ సూసేదేముంది, పోదాం పా," అన్నారెవరో.

"తిని పోండ్రి. అంతకంటె ముందు, నీళ్ళు ఎక్కని జాగ సూద్దాం రాండ్రి."

కొంగు నడుములో దోపి ముందు నడిచింది. వెనక చాళ్ళు మిట్ట మీద ఉన్నాయి. అక్కడ నేల మల్లన్న చేనులాగే నోళ్ళు తెరిచి ఉంది.

"పది చెట్లు నువ్వే ఏరు కాకా. నీ చేన్ల నుంచి కూడ పది తే."

రెండు కుప్పలూ విడివిడిగా టార్పాలిన్ మీద వేసి కొట్టారు. ఆ పని రాకీకి దక్కింది. దుమ్ముకు వరసగా ఏడుసార్లు తుమ్మాడు. మల్లన్న గింజలు ఏడువందల గ్రాములు తూగాయి. కొత్త రకం తొమ్మిదివందలకు పది తక్కువ. మల్లన్న నమ్మకుండా మళ్ళీ తూయించాడు. ఒక గింజ నోట్లో వేసుకుని పటుక్కున కొరికాడు.

"ఫ్లెక్సీని నమ్మలె గని, దీన్ని నమ్ముత. ఎకరంల ఏస్త. నీళ్ళు కట్టనీకె మాత్రం మీ సమద్‌ను తోలకు."

సమద్ కూడా నవ్వేశాడు. మల్లన్న వెనకే ఇంకా పదకొండు మంది పేర్లు రాయించారు. దుర్గాదేవి చేతులు కట్టుకుని అంతా చూసింది.

"నాకు చెమటలు పట్టించావు," అంది చివరికి. "సోమవారం నుంచి జిల్లా నువ్వే చూసుకో. ఫ్లెక్సీల మీద ఏం రాయాలో కూడా నువ్వే చెప్పు."

అంతమందిలో చెయ్యి పట్టుకోలేక, రాకీ ఆమె జుట్టులో చిక్కుకున్న కంది పొట్టు తీశాడు.

"ఇంకా ఉందా?"

"మస్తుంది, కదలకు," అన్నాడు. అప్పటికి ఒక్క తునక కూడా లేదు.