ఊ కొట్టే మనిషి

సుల్తానాబాద్ నేతవాడలో బుచ్చిరాములు బొమ్మల పటం వేలాడదీసి కథ చెప్పినప్పుడల్లా ఊ కొట్టే పని లక్ష్మీరాజానిదే. ఊ కొట్టకపోతే కథ కదలదు. అంతకు మించి అతన్నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు. అతనికీ అదే హాయి.

కథలో రాజకుమారుడికి యుద్ధం గిట్టదు. బుచ్చిరాములు పుల్లతో గుర్రాన్ని చూపించి "శత్రువులు కోటను చుట్టుకున్నరు" అనగానే, ఆ రాజకుమారుడు పటంలోంచి దిగొచ్చి లక్ష్మీరాజం పక్కన చాపమీద కూర్చునేవాడు.

"జర జరుగుండ్రి, ఆయనకు జాగ ఇయ్యిండ్రి" అనేది ముసలి శంకరవ్వ.

ఎవరో బీడీ అందించేవారు. బుచ్చిరాములు తిట్టి, బతిమాలితే, రాజకుమారుడు నిట్టూర్చి మళ్ళీ పటమెక్కేవాడు.

నిజాం రాజ్యం పోయాక నూలు సర్కారు డిపోలో పర్మిట్ల మీదే దొరికేది. ఆ ఎండాకాలం అదీ సరిగ్గా అందక మగ్గాలు ఆగిపోయాయి. పట్టపగలే కథ పెట్టించుకునే తీరిక వచ్చింది. సోలాపూర్ మిల్లులో ఒక్క మనిషికి జాగ ఉందని బావమరిది కబురు పంపాడు. రేపు పెద్దపల్లిలో రైలెక్కాలని లక్ష్మీరాజం నిశ్చయించుకున్నాడు.

"పోయినోళ్ళు ఎవరన్న మల్లొచ్చిండ్రా?" అంది భార్య బాలలక్ష్మి.

"ఉండి ఏం జెయ్యాలె? కథకు ఊ కొట్టాల్నా?"

"అదొక్కటే మంచిగ కొడతవు."

ఆ మధ్యాహ్నం రాజకుమారుడు అప్పుడే దిగి కూర్చున్నాడు. పక్కింటి వెంకటి పరుగెత్తుకొచ్చాడు.

"డిపోల నూలు లారీకెక్కిస్తుండ్రు! కరీంనగర్ పట్టుకపోతరట!"

వాడంతా కదిలింది. డిపో ముందు నూలు అధికారి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనే మాట మొదలుపెట్టాడు, కథ చెప్పినట్టు ఆగి ఆగి.

"గీ డిపో మూసేస్తున్నం."

"ఊ" అన్నాడు లక్ష్మీరాజం, అలవాటు కొద్దీ.

"నూలంత కరీంనగర్ పోతది."

"ఊ."

అధికారి అతని వంక అనుమానంగా చూశాడు. "ఏంది, లారీ ఆపుతవా?"

"ఊ."

"ఆపుతడట!" అని శంకరవ్వ లారీ ముందు చతికిలబడింది. "కూసోండ్రి, లక్ష్మీరాజం ఆపుతుండు!" వాడంతా కూర్చుంది. నిలబడ్డది అతనొక్కడే.

నోరు జారిందని చెబుదామని లక్ష్మీరాజం గొంతు సవరించుకున్నాడు. వచ్చిన మాట వేరు.

"దించుండ్రి సాబ్. మగ్గాలున్నది ఈడ."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. అధికారి చెమట తుడుచుకుని నూలు దింపించాడు.

"కానీ రేపు కరీంనగర్ దఫ్తర్ల పెద్దసాబ్ ముంగట నువ్వే నిలబడి చెప్పాలె. రాకపోతివా, ఎల్లుండి లారీ మల్లొస్తది."

లక్ష్మీరాజం, ఇలాంటివి ఎవరి పనో ఆ మనిషికే అప్పజెబుదామని రాజకుమారుడి కోసం చూశాడు. గుంపులో లేడు. వాడకు తిరిగొచ్చి చూస్తే పటంలోనూ లేడు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. బాలలక్ష్మి జొన్నరొట్టె చేస్తోంది.

"రాజకుమారుడు అగుపడ్డడా?"

"వచ్చిండు. పెద్దపల్లి తొవ్వ అడిగిండు. సోలాపూర్ల నీ జాగల చేరుతడట. రెండు రొట్టెలు కట్టిచ్చిన."

"ఆయనకు నేతొస్తదా?"

"నేర్చుకుంటడట. యుద్ధం కన్న అల్కనే గదా అన్నడు."

లక్ష్మీరాజం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మరి నేను?"

"నీకు పొద్దుగాల వాడోళ్ళు కరీంనగర్ బస్సుల జాగ పట్టి పెడతరట" అంది బాలలక్ష్మి, పళ్ళెం ముందుకు జరిపి. "ముందుగాల తిను."